సివిల్ దావాలో సాక్ష్యం నమోదు ఆపించడం ఎలా: ఆధారం వెతకడం నుంచి స్టే ముగిసేదాకా

ఇష్యూలు (కోర్టు తేల్చవలసిన ప్రశ్నలు) ఫ్రేమ్ అయ్యాయి. వాది చీఫ్ అఫిడవిట్ (రాతలో తన వాంగ్మూలం) వేసేశాడు, వచ్చే వాయిదాకు క్రాస్ (అవతలి పక్షం ప్రశ్నించడం). సరిగ్గా ఈ దశలోనే ప్రతివాది అడ్వకేటు ఆఫీసుకొచ్చి "ఎలాగైనా దీన్ని ఆపించండి సార్" అంటాడు. ఆపించడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో దారులున్నాయి, కొన్ని ప్రత్యేక చట్టాల్లోనూ ఉన్నాయి. ఒక్కో దారి ఒక్కో పరిస్థితికే పనికొస్తుంది. తప్పు సెక్షన్ కింద పిటిషన్ వేస్తే అది డిస్మిస్ కావడంతో ఆగదు. ఈ పార్టీ కాలయాపన కోసం తిరుగుతున్నాడన్న అభిప్రాయం జడ్జి మనసులో పడిపోతుంది. ఆ తర్వాత నిజంగా వాయిదా కావలసిన రోజున కూడా మీ మాట చెల్లదు.

కాబట్టి ఈ వ్యాసమంతటికీ ఆధారం ఒక్క సూత్రం: అడిగేది ఎంత చిన్నగా ఉంటే దొరికే అవకాశం అంత ఎక్కువ. దావా మొత్తం ఆపమంటే కోర్టు బిగుసుకుంటుంది. ఈ ఒక్క సాక్షి క్రాస్‌ను, ఈ ఒక్క పత్రం తిరిగొచ్చేదాకా ఆపమంటే వింటుంది.

ఇక్కడ రాసింది భారతదేశంలోని సివిల్ కోర్టుల పద్ధతి. మీ కేసు కట్ట చూసిన అడ్వకేటు చెప్పే మాటకు ఇది బదులు కాదు. ఆయనతో కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలియాలన్నదే ఉద్దేశం.

మొదటి మెట్టు: అసలు ఏది ఆగాలి?

"సాక్ష్యం ఆపాలి" అనగానే అందరికీ బోను గుర్తుకొస్తుంది. దావాలో సాక్ష్యం అక్కడొక్కచోటే పోగవదు. సాక్షుల చీఫ్, క్రాస్ ఒక దారి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 కింద అవతలి పక్షం పంపే ప్రశ్నావళి, పత్రాలు బయటపెట్టమనే పిటిషన్ రెండో దారి. బ్యాంకు మేనేజరుకో సబ్ రిజిస్ట్రారుకో సమన్లు పంపి రికార్డు తెప్పించడం మూడోది. కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనర్ వచ్చి స్థలం చూసి, కొలిచి రిపోర్టు ఇవ్వడం నాలుగోది.

మీకు ఇబ్బంది వీటిలో దేనితో అన్నది ఒక కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే పిటిషన్ వేసే సమయం ఇంకా రాలేదన్నమాట. ఉదాహరణకు కమిషనర్‌ను వేయడమే మీ అభ్యంతరమైతే స్టే పిటిషన్ అక్కర్లేదు, కమిషనర్ పిటిషన్‌కు గట్టి కౌంటర్ (లిఖిత జవాబు) వేస్తే చాలు. భూమి ఎవరి స్వాధీనంలో ఉందో తేల్చడానికి, ఒక పక్షం తరఫున సాక్ష్యం పోగు చేసిపెట్టడానికి కమిషనర్‌ను నియమించకూడదన్నది కోర్టులు పదే పదే చెప్పిన మాట. హద్దులు కొలవడానికి, కట్టడం ఏ స్థితిలో ఉందో చూడడానికి మాత్రం వేస్తారు.

రెండో మెట్టు: మీ కేసుకు సరిపోయే ఆధారం

అసలు శ్రమంతా ఇక్కడే. ఎక్కువగా వాడే దారులను ఒక్కొక్కటిగా చూద్దాం.

*సెక్షన్ 10: అదే గొడవ మీద ముందే ఇంకో దావా ఉంటే.* అవే పార్టీలు, అదే వివాదాంశం, ముందు వేసిన దావా ఇంకా పెండింగులో ఉంది, ఆ మొదటి కోర్టుకు ఈ రెండో దావాలో కోరిన ఉపశమనం ఇచ్చే అధికారం ఉంది. ఇవన్నీ కలిస్తే రెండో దావాలో ట్రయల్ ముందుకు సాగకూడదు.

ఒక ఉదాహరణ. 2022లో తెనాలి కోర్టులో కొనుగోలుదారు దావా వేశాడు: విక్రయ ఒప్పందం ప్రకారం యజమాని తనకు రిజిస్ట్రేషన్ చేయాలని. 2023లో యజమాని గుంటూరులో ఇంకో దావా వేశాడు: అదే ఒప్పందం చెల్లదని ప్రకటించాలని. రెండింటిలోనూ తేలవలసిన అసలు ప్రశ్న ఒకటే, ఆ ఒప్పందం నిజమైనదా కాదా. సెక్షన్ 10 ఇక్కడ చక్కగా అతుకుతుంది, ఆగేది గుంటూరు దావా. ఇప్పుడు దీన్ని మార్చి చూడండి. 2022లో వేసింది అద్దె బకాయి దావా, 2024లో వేసింది ఇల్లు ఖాళీ చేయించే దావా. పార్టీలు వాళ్లే, ఇల్లూ అదే. అయినా సెక్షన్ 10 అతకదు. బకాయి ఎంతో తేలినంత మాత్రాన ఖాళీ చేయించే హక్కు తేలిపోదు కదా.

ఈ తేడా పట్టుకోవడానికి సుప్రీంకోర్టు 2005లో నిమ్హాన్స్ కేసులో ఇచ్చిన కొలత ఇదీ: మొదటి దావాలో వచ్చే తుది తీర్పు రెండో దావాలో రెస్ జుడికేటా (ఒకసారి తేలిన అంశాన్ని మళ్లీ తెరవకూడదన్న అడ్డు) అవుతుందా? అవుతుందంటే సెక్షన్ 10 వర్తిస్తుంది. కొన్ని ఇష్యూలు కలిసినంత మాత్రాన చాలదు. ఆ కేసులోనే ఇంకో మాట కూడా తేలింది: లేబర్ కోర్టు లాంటి చోట నడిచే ప్రొసీడింగ్‌ను చూపించి సివిల్ దావాను సెక్షన్ 10 కింద ఆపమనలేరు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆపేది తర్వాత వేసిన దావానే, ముందుదాన్ని ఆపమని ఈ సెక్షన్ కింద అడగడం దండగ. ముందు ఏదో తెలియాలంటే ప్లెయింట్ (వాది వేసే దావా పత్రం) దాఖలు చేసిన తేదీ చూడాలి, నోటీసు అందిన తేదీ కాదు. విదేశీ కోర్టులో దావా ఉందని ఇక్కడిది ఆపమంటే కుదరదు, ఆ సెక్షన్ వివరణే అలా చెబుతుంది. ఇంకొకటి, ట్రయల్ ఆగినా మధ్యంతర ఆదేశాలు ఆగవు. 1998లో ఇండియన్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. ఇంజంక్షన్, రిసీవర్, తీర్పుకు ముందు జప్తు వంటివి స్టే ఉన్న దావాలోనూ ఇవ్వవచ్చు.

సెక్షన్ 10 పూర్తిగా అతకకపోయినా రెండు దావాలూ ఒకే సాక్షుల మీద నడుస్తుంటే, ఆపడం కన్నా కలపమనడమే మేలని నా అభిప్రాయం. కోడ్‌లో దావాలు కలపడానికి ప్రత్యేకమైన నిబంధన లేకపోయినా సెక్షన్ 151 కింద కలపవచ్చని 2004లో చిట్టివలస జూట్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్షి రెండుసార్లు బోనెక్కే బాధ తప్పుతుంది, అవతలి పక్షానికి ఆలస్యమన్న ఫిర్యాదూ ఉండదు. దావాలు వేర్వేరు కోర్టుల్లో ఉంటే ముందు సెక్షన్ 24 కింద ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేసుకోవాలి.

*ప్లెయింటే నిలవదంటే.* కాజ్ ఆఫ్ యాక్షన్ (దావా వేయడానికి కారణం) లేదనో, చట్టమే దావాను నిషేధిస్తోందనో ఆర్డర్ 7 రూల్ 11 కింద పిటిషన్ వేస్తే, దాన్ని తేల్చకుండా ట్రయల్‌లోకి పోకూడదు. అంటే విడిగా స్టే అడగకుండానే సాక్ష్యం ఆగుతుంది. ఈ పిటిషన్‌లో కోర్టు ప్లెయింట్‌లో రాసింది మాత్రమే చూస్తుంది. మీ రిటన్ స్టేట్‌మెంట్‌లో (దావాకు ప్రతివాది ఇచ్చే లిఖిత జవాబులో) ఎంత గొప్ప డిఫెన్స్ ఉన్నా అక్కడ పనికిరాదు. దీనికి తోడుగా ఆర్డర్ 14 రూల్ 2 ఉంది. కోర్టు పరిధి గురించో, చట్టపరమైన నిషేధం గురించో ఉన్న ఇష్యూను ముందుగా తేల్చమని అడగవచ్చు. కాలపరిమితి దాటిందన్న వాదన వాస్తవాలతో ముడిపడి ఉంటే దాన్ని ఇలా ముందుగా తేల్చరు. 2019లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతి తేటగా చెప్పింది.

*ఆర్డర్ 11 రూల్ 20: చాలామంది తిరగేయని పేజీ.* పత్రాలు బయటపెట్టమనో తనిఖీకి ఇవ్వమనో అవతలి పక్షం పట్టుబడుతోంది. ఆ హక్కు అతనికి ఉందో లేదో ఒక ఇష్యూ తేలాక గానీ తెలియదు. అలాంటప్పుడు ముందు ఆ ఇష్యూ తేల్చి, పత్రాల సంగతి తర్వాతికి వాయిదా వేయమని అడిగే హక్కు ఈ రూల్ ఇస్తుంది. సరిగ్గా సరిపోయే సందర్భం భాగస్వామ్యం లెక్కల దావా. ఒకాయన వచ్చి నేనూ భాగస్వామినే, పదేళ్ల లెక్కల పుస్తకాలూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ నా ముందు పెట్టండి అంటాడు. అతను భాగస్వామే కాదని మీ వాదన. ముందే పుస్తకాలు ఇచ్చేస్తే, రేపు అతను భాగస్వామి కాదని తేలినా మీ వ్యాపార రహస్యాలు వెనక్కి రావు. ఈ ఒక్క వాక్యం అఫిడవిట్‌లో సూటిగా రాస్తే పిటిషన్ సగం గెలిచినట్టే.

ప్రశ్నావళి విషయానికొస్తే, అవి అసమంజసంగానో వేధింపుగానో ఉంటే కొట్టేయమని అడగడానికి రూల్ 7 ఇచ్చే గడువు అందినప్పటి నుంచి ఏడు రోజులే. అది దాటితే జవాబు అఫిడవిట్‌లో రూల్ 6 కింద ఒక్కో ప్రశ్నకు అభ్యంతరం రాసుకోవచ్చు. ఊరుకోవడం మాత్రం వద్దు. కోర్టు ఆదేశించాక కూడా పాటించకపోతే రూల్ 21 కింద వాది దావా కొట్టేయవచ్చు, ప్రతివాది డిఫెన్స్ తీసేయవచ్చు.

కమర్షియల్ కోర్టులో ఉన్న దావా అయితే ఆర్డర్ 11 పూర్తిగా వేరే రూపంలో ఉంటుంది. ఈ 20వ రూల్ అక్కడ దొరకదు.

*క్రిమినల్ కేసు కూడా నడుస్తుంటే.* ఫోర్జరీ, చీటింగ్ ఆరోపణలున్న ఆస్తి గొడవల్లో ఇది మామూలే. సివిల్ బోనులో నేను చెప్పింది రేపు క్రిమినల్ కోర్టులో నా మీదికే వస్తుందన్నది నిందితుడి భయం. 1954లో ఎం.ఎస్. షెరీఫ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం క్రిమినల్ కేసుకు ప్రాధాన్యం ఇవ్వాలంది, అయితే దాన్ని మార్పులేని నియమంగా చెప్పలేదు. రెండు కోర్టులూ వేర్వేరు నిర్ణయాలకు వస్తాయేమో అన్న భయం ఒక్కటే చాలదనీ, పార్టీ ఇరకాటంలో పడతాడా లేదా అన్నదే చూడాలనీ అంది. తర్వాతి తీర్పులు కూడా రెండూ పక్కపక్కనే నడవవచ్చనీ, ఆపాలా వద్దా అన్నది కేసును బట్టి ఉంటుందనీ చెబుతూ వచ్చాయి. కాబట్టి "క్రిమినల్ కేసు ఉంది" అన్న ఒక్క ముక్క పట్టుకుని స్టే అడగకండి. ఏ ప్రశ్నకు జవాబు చెబితే ఏ ఆరోపణ విషయంలో ఇబ్బందో చూపించండి. సాక్షి బలవంతాన చెప్పిన జవాబును అతని మీద నేరారోపణకు వాడకుండా సాక్ష్య చట్టం కొంత రక్షణ ఇస్తుందని అవతలి అడ్వకేటు తప్పక లేవనెత్తుతాడు. దానికి సమాధానం సిద్ధంగా పెట్టుకోండి.

ఇంతకన్నా బలమైన కారణం ఇంకోటి ఉండవచ్చు. వివాదంలో ఉన్న ఒరిజినల్ ఒప్పందం క్రిమినల్ కేసులో సీజై, సంతకాల పరిశీలనకు ఫోరెన్సిక్ ల్యాబుకు పోయి ఉంటుంది. చేతిలో ఒరిజినల్ లేకుండా ఆ పత్రం రాసిన దస్తూరిని ఏమని క్రాస్ చేస్తారు? ఇది భయం గురించి చెప్పే మాట కాదు, కళ్లముందున్న అడ్డంకి. ఏ జడ్జి అయినా దీన్ని ఆలకిస్తారు.

*చట్టం తనంతట తాను ఆపే సందర్భాలు.* దావా కంపెనీ మీదైతే, ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయి ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ లా ట్రిబ్యునల్) మారటోరియం, అంటే చర్యలపై తాత్కాలిక నిలుపుదల, ప్రకటిస్తే, 2016 దివాలా కోడ్ సెక్షన్ 14 కింద దావా అక్కడికక్కడే ఆగుతుంది. ఆర్డర్ కాపీతో ఒక మెమో (కోర్టుకు సంగతి తెలిపే చిన్న పత్రం) వేస్తే చాలు. ఆ రక్షణ కంపెనీకే. గ్యారంటీ సంతకం పెట్టినవారికి ఈ సెక్షన్ వర్తించదు, కంపెనీ తానే వాదిగా వేసిన దావా కూడా దీంతో ఆగదు. మధ్యవర్తిత్వ క్లాజు ఉన్న ఒప్పందమైతే 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 8 కింద అడగాలి, అది కూడా అసలు వివాదం మీద మీ మొదటి స్టేట్‌మెంట్ దాఖలు చేసేలోపే. రిటన్ స్టేట్‌మెంట్ వేసేసి, చీఫ్ దశలో ఆ క్లాజు గుర్తొచ్చిందంటే ఎవరూ వినరు.

పార్టీ చనిపోతే వారసులను రికార్డులోకి తెచ్చేదాకా సాక్ష్యం తీసుకోకూడదు. తీసుకున్నా ఆ వారసుల మీద అది నిలవదు. వారసులను చేర్చే గడువు 90 రోజులు. అది దాటితే దావా ఆ మేరకు అబేట్ అవుతుంది (రద్దవుతుంది), ఆ రద్దును తొలగించమని అడగడానికి ఇంకో 60 రోజులుంటాయి. తన క్లయింటు చనిపోయిన సంగతి కోర్టుకు చెప్పడం అడ్వకేటు బాధ్యతేనని ఆర్డర్ 22 రూల్ 10ఏ అంటుంది.

*ఇద్దరూ ఒప్పుకుంటే.* రాజీ మాటలు నడుస్తున్నాయని జాయింట్ మెమో వేసి, సెక్షన్ 89 కింద మీడియేషన్‌కు పంపమంటే సాక్ష్యం సహజంగానే పక్కకు జరుగుతుంది. అన్నిటికన్నా తక్కువ ఖర్చు, తక్కువ పగ ఉన్న దారి ఇదే. పెద్దవాళ్లు ఉన్న కుటుంబ ఆస్తి గొడవల్లో ముందు దీన్నే ప్రయత్నించమని గట్టిగా చెబుతాను.

మూడో మెట్టు: ఎప్పుడు వేయాలి

కారణం తెలిసిన వెంటనే. సాక్షి బోనెక్కే రోజు పొద్దున వేసిన పిటిషన్‌ను చాలా కోర్టులు తిరిగి చూడవు. ట్రయల్ మొదలయ్యాక ఆర్డర్ 17 రూల్ 1 గుర్తుంచుకోవాలి: ఒక్కో పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. అడ్వకేటు వేరే కోర్టులో ఉన్నారన్నది కారణమే కాదని ఆ రూలే చెబుతుంది. సాక్షి వచ్చి కూర్చున్నాక మీ పక్షం సిద్ధంగా లేకపోతే క్రాస్ లేకుండానే వాంగ్మూలం ముగించే అధికారం కూడా కోర్టుకు ఉంది. 2005లో సేలం అడ్వకేట్ బార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మూడు వాయిదాల పరిమితిని కాస్త సడలించింది. నిజంగా చేతుల్లో లేని కష్టం వస్తే, ఖర్చులు కట్టించి ఇంకో అవకాశం ఇవ్వవచ్చంది. దాన్ని అత్యవసరానికే అట్టిపెట్టుకోండి.

ఇంకో ప్రమాదం ఎక్కువమందికి తట్టదు. స్టే పిటిషన్ వేసినంత మాత్రాన మీ మిగతా గడువులేవీ ఆగవు. రిటన్ స్టేట్‌మెంట్‌కు 30 రోజులు, కారణం చూపిస్తే 90 దాకా. కమర్షియల్ దావాలో 120వ రోజు దాటితే ఆ హక్కే పోతుంది, ఆర్డర్ 7 రూల్ 11 పిటిషన్ పెండింగులో ఉన్నా సరే. స్టే వస్తుందిలే అని కూర్చుంటే స్టే రాదు, డిఫెన్సూ ఉండదు.

నాలుగో మెట్టు: పిటిషన్ తయారీ

ఐ.ఏ. (దావాలో వేసే మధ్యంతర పిటిషన్) వేయాలి, దానికి అఫిడవిట్ జతచేయాలి. అఫిడవిట్ మీరు ఇచ్చేది, మీ అడ్వకేటు ఇచ్చేది కాదు. కాబట్టి అందులో ప్రతి లైనూ చదివి సంతకం పెట్టండి. రేపు ఆ అఫిడవిట్ మీదే మిమ్మల్ని క్రాస్ చేయవచ్చు.

సెక్షన్ 10 పిటిషన్‌కైతే మొదటి దావా ప్లెయింట్, రిటన్ స్టేట్‌మెంట్, ఇష్యూల సర్టిఫైడ్ కాపీలు జతచేయండి. వాటితోపాటు ఒక పేజీ పట్టిక పెట్టండి: ఎడమవైపు మొదటి దావా, కుడివైపు రెండోది. దాఖలు తేదీ, పార్టీలు, ఆస్తి షెడ్యూలు, కోరిన ఉపశమనం, ఇష్యూలు ఎదురెదురుగా కనిపించాలి. పెండింగు కట్టలతో సతమతమయ్యే జడ్జికి ఆ ఒక్క పేజీ ఇరవై పేజీల వాదన కన్నా ఎక్కువ చెబుతుంది.

ప్రార్థన ఎలా రాయాలో ఫోరెన్సిక్ ఉదాహరణతోనే చూపిస్తాను (పి.డబ్ల్యు. అంటే వాది తరఫు సాక్షి):

"పై కారణాల దృష్ట్యా ఈ దావాలో పి.డబ్ల్యు.2 క్రాస్ ఎగ్జామినేషన్‌ను మాత్రం, వివాదాస్పద విక్రయ ఒప్పందం ఒరిజినల్ ఫోరెన్సిక్ ల్యాబు నుంచి సంబంధిత కోర్టుకు తిరిగి వచ్చే వరకు, లేదా ఈ ఉత్తర్వు తేదీ నుంచి మూడు నెలల వరకు, ఏది ముందైతే అంతవరకు నిలుపుదల చేయవలసిందిగా, ఈలోగా పి.డబ్ల్యు.3, పి.డబ్ల్యు.4 సాక్షుల విచారణ కొనసాగించుటకు పిటిషనరుకు అభ్యంతరం లేదని నమోదు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను."

ఇందులో నాలుగు సంగతులున్నాయి: ఆగేది ఏది, ఎందాకా, గరిష్ఠ గడువు, ఆగకుండా నడిచేది ఏది. ఆఖరిదే ప్రాణం. మిగతా సాక్షులకు నేను సిద్ధం అని మీరే రాశాక కాలయాపన అన్న ఆరోపణకు పట్టు దొరకదు. దీని పక్కన "దావాలో తదుపరి చర్యలన్నీ నిలుపుదల చేయాలి" అనే మామూలు ప్రార్థనను పెట్టి చదవండి, రెండింట్లో దేనికి మీరైతే ఒప్పుకుంటారో తెలిసిపోతుంది.

అయిదో మెట్టు: వాదనల రోజు

జడ్జి అడిగేవి దాదాపు ఇవే. ఇప్పుడు సాక్ష్యం తీసుకుంటే తర్వాత సరిదిద్దలేని నష్టం ఏమిటి? ఆపితే అవతలివారికి ఏం నష్టం? ఆపకుండా వేరే ఏర్పాటుతో సరిపోదా? మూడో ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. సాక్షి మంచం మీద ఉంటే ఆర్డర్ 26 కింద కమిషనర్‌ను ఇంటికి పంపి వాంగ్మూలం తీసుకోవచ్చు. తర్వాత కొత్త పత్రం దొరికితే ఆర్డర్ 18 రూల్ 17 కింద సాక్షిని మళ్లీ పిలవమనవచ్చు. ఇవి మీ సమస్యను ఎందుకు తీర్చవో ముందే ఆలోచించుకుని రండి.

షరతులకు కూడా సిద్ధంగా రండి. అద్దె డిపాజిట్ చేయడం, ఆస్తి అమ్మకూడదన్న హామీ, ఖర్చులు చెల్లించడం వంటివి. ఖర్చుల విషయంలో జాగ్రత్త. సెక్షన్ 35బీ కింద వేసిన ఖర్చులు కట్టకపోతే మీ దావానో డిఫెన్సో ముందుకు సాగనివ్వరు.

ఆరో మెట్టు: పిటిషన్ డిస్మిస్ అయితే

హైకోర్టుకు వెళ్లవచ్చు. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు హైకోర్టులు వేరువేరు కనుక కోర్టు ఎక్కడుందో దాన్ని బట్టే. సెక్షన్ 115 రివిజన్ (కింది కోర్టు ఉత్తర్వును హైకోర్టు సరిచూడడం) పరిధి 2002 తర్వాత బాగా కుదించుకుపోయింది. పిటిషన్ మీకు అనుకూలంగా వచ్చి ఉంటే దావాయే ముగిసిపోయేది అన్న ఉత్తర్వులకే అది పరిమితం. సాక్ష్యం ఆపమని వేసిన పిటిషన్లు ఎక్కువగా దాని కిందకు రావు, అందుకే రాజ్యాంగం 227వ అధికరణం కింద సి.ఆర్.పి. (సివిల్ రివిజన్ పిటిషన్) వేస్తారు. రిట్ వేయాలనుకుంటే కుదరదు. సివిల్ కోర్టు న్యాయపరమైన ఉత్తర్వుల మీద 226 కింద రిట్ నిలవదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. 227 కింద హైకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేయదు, కింది కోర్టు తన పరిధి దాటిందా, కనపడే తప్పు చేసిందా అనే చూస్తుంది.

సి.ఆర్.పి. వేశాం కదా, కింద ఆగుతుందిలే అనుకోవద్దు. హైకోర్టు విడిగా స్టే ఇస్తేనే ఆగుతుంది. నంబరు పడింది, అడ్మిషన్‌కు రావాలి అని చెప్పి కింది కోర్టులో రెండు మూడు వాయిదాలు తీసుకోవచ్చేమో గానీ, అంతకుమించి జడ్జి ఆగక్కర్లేదు.

ఏడో మెట్టు: ఉత్తర్వు కింది కోర్టుకు చేర్చడం

స్టే ఉత్తర్వు దాని విషయం కింది కోర్టుకు తెలిసినప్పటి నుంచే పనిచేస్తుందని 1967లోనే సుప్రీంకోర్టు ముల్‌రాజ్ కేసులో చెప్పింది. తెలియక ముందు ఆ కోర్టు చేసిన పని చెల్లకుండా పోదు. హైకోర్టులో పొద్దున స్టే వచ్చి, మధ్యాహ్నం కింద క్రాస్ ముగిసిపోతే నష్టం మీదే. కాబట్టి అదే రోజు మెమో, వెబ్‌సైట్లో పెట్టిన ఆర్డర్ కాపీ, లేదంటే ఉత్తర్వు వచ్చిందని అడ్వకేటు అఫిడవిట్, ఏది ముందు దొరికితే దాన్ని కింది కోర్టులో ఇవ్వండి. సర్టిఫైడ్ కాపీ తర్వాత వేయవచ్చు. బెంచ్ క్లర్కుకు ఇచ్చి వచ్చేయకుండా, డాకెట్‌లో నమోదయిందో లేదో సాయంత్రం ఈ-కోర్ట్స్‌లో సి.ఎన్.ఆర్. నంబరు (కేసు గుర్తింపు సంఖ్య) కొట్టి చూసుకోండి.

ఉత్తర్వులోని మాటలు ఒక్కొక్కటీ చదవండి. "తదుపరి చర్యల నిలుపుదల" వేరు, "పి.డబ్ల్యు.2 విచారణ నిలుపుదల" వేరు. రెండోది ఉన్నప్పుడు మిగతా సాక్షులకు రాకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడుపుతారు, స్టే ఉందన్న మాట అక్కడ పనిచేయదు.

ఆరు నెలలు దాటితే స్టే దానంతటదే రద్దవుతుందని ఇప్పటికీ కోర్టు వరండాల్లో వినిపిస్తుంది. 2018 నాటి ఏషియన్ రీసర్ఫేసింగ్ తీర్పు వల్ల వచ్చిన మాట అది. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. గడువు రాసి ఉంటే ఆ గడువుకే ముగుస్తుంది. రాసి లేకపోతే కోర్టు ఎత్తేసేదాకా ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: ఆగిన కాలంలో సాక్ష్యం కాపాడుకోవడం

స్టే తెచ్చుకున్నవాళ్లు దాదాపు అందరూ వదిలేసే పని ఇది. సాక్ష్యం నమోదు ఆగుతుంది గానీ సాక్షుల వయసు ఆగదు. దస్తూరికి డెబ్బై ఎనిమిదేళ్లుంటే, అతను మీ సాక్షి అయినా అవతలి సాక్షి అయినా, ఉత్తర్వులో అతన్ని మినహాయించమని ముందే అడగండి. ఆర్డర్ 18 రూల్ 16 కింద ఊరు విడిచిపోయే సాక్షిని, లేదా వేరే తగిన కారణం ఉన్న సాక్షిని వెంటనే విచారించవచ్చు. న్యాయం మాట పక్కనపెట్టినా, మీకు అనుకూలంగా చెప్పగల మనిషి స్టే కాలంలో పోతే ఆ నష్టం మీ పిటిషన్ తెచ్చిపెట్టిందే అవుతుంది.

సీసీ కెమెరా రికార్డింగు కొద్ది వారాల్లో చెరిగిపోతుంది, అడిగి కాపీ తెచ్చుకోండి. వాట్సాప్ మాటలున్న ఫోను మార్చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ కావాలి, పాత చట్టంలో 65బీ అనేవాళ్లు. ఫోను పనిచేస్తుండగానే, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంఖ్యతో) సహా ఆ సర్టిఫికెట్ తయారు చేయించి ఫైల్లో పెట్టండి. ఈసీలు (ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్లు), రిజిస్టర్డ్ పత్రాల సర్టిఫైడ్ కాపీలు కూడా ఈ కాలంలోనే తీసుకోండి.

మీ మీద స్టే అడిగితే

ఇదే వ్యాసాన్ని తిరగేసి చదువుకోండి. కింది కోర్టులో ఓడినవాడు హైకోర్టుకు పోతాడనిపిస్తే సెక్షన్ 148ఏ కింద కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దన్న ముందస్తు అర్జీ) వేయండి, అది 90 రోజులు ఉంటుంది. స్టేను పూర్తిగా వ్యతిరేకించలేని పరిస్థితి ఉంటే గడువు రాయించండి, షరతు రాయించండి, వృద్ధ సాక్షి వాంగ్మూలం మినహాయింపు రాయించండి. ఏకపక్షంగా వచ్చిన స్టే అయితే వెకేట్ పిటిషన్ (స్టే ఎత్తేయమనే అర్జీ) ఆలస్యం చేయకుండా వేసి, ముందుగా విచారణకు తీసుకోమని మెన్షన్ చేయించండి. ఒంటరి వృద్ధురాలు తన ఇంటి కోసం వేసిన దావాలో ఒక్కో నెలా ఎంత విలువైనదో అఫిడవిట్‌లో ఆమె వయసు, ఆదాయం, వైద్య పత్రాలతో చెబితేనే కోర్టుకు కనపడుతుంది. న్యాయం ఆలస్యమవుతోందని ఊరికే రాస్తే కనపడదు.

స్టే ముగిసే రోజు

ఎన్ని నెలలు ఆగినా మొదలయ్యేటప్పుడు పది రోజుల నోటీసు కూడా ఉండకపోవచ్చు. మొదటి దావా తీర్పు వచ్చిందా, ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చిందా అన్నది మీరే కనిపెట్టుకుని, వచ్చిన వెంటనే దాని కాపీతో మెమో వేయండి. దాచిపెడితే అవతలివారు వేస్తారు, అప్పుడు మీ మాట విలువ పోతుంది. మీ సాక్షుల చీఫ్ అఫిడవిట్లు స్టే కాలంలోనే సిద్ధం చేసి, ఒక్కొక్కరితో మళ్లీ చదివించి ఉంచండి. తేదీలు మరిచిపోతారు, ఫోను నంబర్లు మారతాయి, కొందరు ఊరే మారతారు. సాక్షుల జాబితాలో చిరునామాలు సరిచేసి, సమన్లు కావలసిన వాళ్లకు బత్తా (సాక్షి ఖర్చులు) కట్టి, మొదటి వాయిదాకే మొదటి సాక్షిని తీసుకెళ్లి నిలబెట్టండి.